బిళ్ళ అంటే బిడ్డకు తెలిసిన అర్థం ఒక్కటే

మన తెలుగులో ‘బిళ్ళ’ అనే మాట చాలా చాకిరీ చేస్తుంది. అంగట్లో కొనిపెట్టేది పిప్పరమెంటు బిళ్ళ, హారతి పళ్ళెంలో వెలిగేది కర్పూరం బిళ్ళ, అవ్వ అన్నానికి ముందు వేసుకునేది షుగరు బిళ్ళ, కడుపుతో ఉన్న తల్లికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చేది ఐరన్ బిళ్ళ. పెద్దవాళ్ళకు ముందున్న మాట తేడా చెబుతుంది గానీ, ఏడాదిన్నర బిడ్డ చెవికి ఆనేది వెనకున్న మాటే. ‘మందు’ సంగతీ అంతే. జ్వరానికి తాగించే తియ్యటి సిరప్పూ మందే, మామిడి తోపులో పిచికారీ చేసేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే.

ఇంట్లో విషం ఎక్కడుందని అడిగితే చిత్తూరు పల్లెలో ఎవరైనా కొట్టంలో దాచిన పురుగుల మందు డబ్బాను చూపిస్తారు, తిరుపతి పట్నంలో స్నానాల గదిలోని యాసిడ్ సీసాను చూపిస్తారు. ఆ రెండూ ప్రమాదకరమేనని అందరికీ తెలుసు కాబట్టే వాటి విషయంలో కొంతైనా జాగ్రత్త ఉంటుంది. దేవుని గూట్లోని కర్పూరం పొట్లాన్ని గానీ, తల్లి దిండు కింద ఉన్న రక్తం మాత్రలను గానీ, వక్కాకు సంచిలోని సున్నం డబ్బీని గానీ ఎవరూ విషాల లెక్కలో వేయరు. మనం వస్తువులను వాటి ప్రయోజనాన్ని బట్టి పూజకు, ఆరోగ్యానికి, వంటకు అని విడదీసుకుంటాం. బిడ్డ శరీరం మాత్రం కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు పడ్డాయి, ఏ దారిన లోపలికి పోయాయి అనే లెక్క తప్ప మరొకటి చూడదు. ఇంట్లో జరిగే ప్రమాదాలలో చాలా భాగం ఈ రెండు లెక్కల మధ్య ఉన్న సందులోనే జరుగుతాయి.

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకే ఈ ప్రమాదం ఎక్కువగా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. తొమ్మిదో నెల దాటేసరికి బొటనవేలు, చూపుడు వేలు కలిపి చిన్న గింజను కూడా ఏరుకోగల నేర్పు వస్తుంది, అటూ ఇటుగా అప్పుడే పాకడం, ఆ వెంటనే నిలబడడం, నడవడం వస్తాయి. దొరికినదాన్ని నోట్లో పెట్టి తెలుసుకోవడం ఆ వయసుకు చదువు. దానికి తోడు అనుకరణ ఒకటి: తాత రోజూ ఏది ఎలా మింగుతున్నాడో ఇంట్లో అందరికన్నా శ్రద్ధగా చూసేది మనవడే. మందు తాగనని మారాం చేసే పిల్లవాడికి ‘ఇది చాక్లెట్టురా నాయనా’ అని నచ్చజెప్పే మనమే ఆ పాఠాన్ని పూర్తిచేస్తాం.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు తెలుసు, ఇక్కడి ఇల్లు సగం ఇల్లు, సగం సత్రం. కొండకు వచ్చే బంధువులు ఏడాది పొడవునా దిగుతూనే ఉంటారు. వాళ్ళ చేతిసంచులు గోడవారన నేల మీదే ఉంటాయి, పెద్దవాళ్ళ మాత్రలు ఆ సంచుల పైఅరలోనే ఉంటాయి. ఇంటివాళ్ళు ఎంత జాగ్రత్తపరులైనా ఆ జాగ్రత్త తమ వస్తువుల వరకే. మా మేనత్త నెల్లూరు నుంచి దర్శనానికి వచ్చినప్పుడు మా అక్క కూతురికి పద్ధెనిమిది నెలలు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ బిడ్డ సంచి దగ్గర కూర్చుని ఉంది. చేతిలో గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్రల స్ట్రిప్పు, దాని రేకు మీద పంటిగాట్లు, కింది పెదవి అంచున లేత గులాబీ పొడి. “ఏం కాదులే అమ్మా, బాగానే ఆడుకుంటా ఉంది కదా” అని ఒకరన్నారు. పక్కింటావిడ అప్పటికే వాంతి చేయించడానికి కుంకుడుకాయలు కొట్టడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మొదట అడిగింది స్ట్రిప్పునే. సోమవారం పొద్దున పది మాత్రల కొత్తది తెంచి రోజుకొకటి చొప్పున వేసుకున్నానని అత్త చెప్పింది. ఆ రోజు గురువారం కాబట్టి ఆరు మిగలాలి, ఐదే ఉన్నాయి. పోయింది ఒక్కటే అని మాకు ప్రాణం లేచివచ్చింది గానీ, డాక్టరు ముఖంలో ఆ తేలిక కనబడలేదు.

ఆ ఒక్క బిళ్ళ ఏం చేస్తుందో తర్వాత అర్థమైంది. ఈ జాతి షుగరు మాత్రలు రక్తంలో చక్కెర ఎంత ఉందన్న దానితో నిమిత్తం లేకుండా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. చక్కెర ఎక్కువగా ఉన్న మనిషికి అది వైద్యం, చక్కెర సరిగ్గా ఉన్న పది కిలోల బిడ్డకు అదే విషం. అన్నిటికన్నా మోసకరమైనది దాని వేళ. చక్కెర వెంటనే పడిపోవాలని లేదు, ఎనిమిది గంటల తర్వాత పడవచ్చు, ఇంకా ఆలస్యంగానూ పడవచ్చు. సాయంత్రం దాకా ఆడుకున్న బిడ్డ రాత్రి నిద్రలో చల్లబడి, చెమటలు పట్టి, మూర్ఛలోకి జారిపోతే ఇంట్లోవాళ్ళు ‘బాగా అలిసిపోయి పడుకుంది’ అనుకునే అవకాశమే ఎక్కువ. అందుకే ఇలాంటి మాత్ర మింగిందన్న అనుమానం ఉన్న బిడ్డను, ఏ లక్షణమూ లేకపోయినా, ఇంచుమించు ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచి గంట గంటకూ చక్కెర చూస్తారు. మా పాపకు రాత్రి ఏడు దాటాక పడిపోయింది. అప్పటికే చేతికి సూది, పక్కన గ్లూకోజు సీసా ఉన్నాయి కాబట్టి కథ అక్కడితో ముగిసింది.

ఐరన్ మాత్రల లెక్క ఇంకా స్పష్టంగా వేసి చూపవచ్చు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పైన చక్కెర పూత ఉంటుంది, చూడ్డానికి అంగట్లో అమ్మే రంగు బిళ్ళలకు దీనికి తేడా కనబడదు. బిడ్డ బరువులో కిలోకు 20 మిల్లీగ్రాముల ఇనుము దాటితే కడుపు దెబ్బతినే లక్షణాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణాపాయం. అంటే పది కిలోల బిడ్డకు నాలుగు మాత్రలు హానికరం, పది మాత్రలు ప్రాణాంతకం కావచ్చు. గర్భంతో ఉన్న స్త్రీకి ఆరు నెలలకు సరిపడా, అంటే 180 మాత్రలు ఇవ్వాలన్నది పథకం. ఆమె కడుపులో ఉన్నది రెండో బిడ్డ అయితే, ఆ మాత్రలున్న ఇంట్లోనే ఏడాదిన్నర, రెండేళ్ళ మొదటి బిడ్డ తిరుగుతూ ఉంటుంది. రక్తహీనతను తగ్గించడానికి ఆ పథకం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు, అయితే మాత్రలు చేతికిచ్చేటప్పుడు ‘రోజుకొకటి వేసుకో అమ్మా’ అనే మాటతో పాటు ‘పెద్దబిడ్డకు అందకుండా పెట్టుకో’ అని కూడా చెప్పాలి.

ఇనుము కూడా వేళ విషయంలో మోసం చేస్తుంది. మొదటి ఆరు గంటల్లో వాంతులు, ఒక్కోసారి రక్తంతో కూడిన విరేచనాలు అవుతాయి. ఆ తర్వాత బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది, కొన్ని గంటల పాటు, ఒక్కోసారి మొదటి రోజంతా, అలాగే ఉంటుంది. తల్లిదండ్రులు ఇంటికి తీసుకుపోతామని పట్టుపట్టేది సరిగ్గా అప్పుడే. ఆ సమయంలోనే ఇనుము కణాలలోకి చేరి కాలేయాన్ని, రక్తప్రసరణను దెబ్బతీస్తూ ఉంటుంది. చాలా విషాలను పీల్చుకునే బొగ్గుపొడి మందు ఇనుమును పట్టుకోలేదు. దీనికి వేరే విరుగుడు ఉంది, అది సూదిమందు, ఇంట్లో చేయగలిగిన వైద్యమంటూ ఏదీ లేదు.

తిరుపతివాళ్ళుగా మనం ప్రత్యేకంగా ఆలోచించవలసింది కర్పూరం గురించి. స్వామివారి గడ్డానికి పచ్చకర్పూరం అద్దే ఊరు ఇది, తీర్థంలో ఆ పరిమళమే, గుడి ఎదుట అఖిలాండం దగ్గర భక్తులు వెలిగించేదీ కర్పూరమే. ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆ వాసన అంటే అరచేతిలో పోసి నాలుకకు అందించిన తీర్థం. వేరే ఊళ్ళో ఆ ఘాటు బిడ్డను వెనక్కి నెట్టవచ్చునేమో గానీ, మన ఇళ్ళలో అది పిలుస్తుంది. తెల్లగా, చదరంగా, కలకండ ముక్కలా ఉన్న హారతి కర్పూరం నోట్లో వేసుకుంటే మొదటి లక్షణం నొప్పో వాంతో కావాలని లేదు, నేరుగా ఫిట్సే రావచ్చు, అదీ ఐదు పది నిమిషాల్లోనే రావచ్చు. ఒక గ్రాము కర్పూరం పసిబిడ్డ ప్రాణం తీసిన ఉదంతం వైద్య గ్రంథాలలో నమోదై ఉంది. పన్నెండు కిలోల బిడ్డ మూడో నాలుగో వందల మిల్లీగ్రాములు మింగినా ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. ఒంటికి రాసే బామ్‌లలోనూ, తైలాలలోనూ కర్పూరం ఉంటుంది. ఇలాంటి సరుకుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని అమెరికా 1980లలోనే హద్దు గీసింది. దేవుని గూడు మోకాలి ఎత్తున ఉన్న ఇంట్లో దేవుణ్ణి పైకి జరపనక్కరలేదు, కర్పూరం డబ్బాను జరిపితే చాలు. బట్టల మధ్య వేసే కలరా ఉండలు మరో రకం. వాటిలో నాఫ్తలీన్ ఉంటే, జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు రెండు మూడు రోజుల తర్వాత రక్తకణాలు విచ్ఛిన్నమై మూత్రం నల్లటి కాఫీ రంగులో వస్తుంది. ఉండ మింగిన సంగతి అప్పటికి అందరూ మరచిపోయి ఉంటారు.

ఇప్పుడు కుంకుడుకాయల దగ్గరికి రావాలి. విషం లోపలికి పోయిందంటే దాన్ని బయటికి కక్కించాలన్నది మనకు తరతరాలుగా వచ్చిన ఆలోచన. కుంకుడు రసం, ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పేడనీళ్ళు, గొంతులో వేలు, ఇలా ఊరికొక పద్ధతి ఉంది. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది కాబట్టి ఎందుకు తప్పో వివరంగా చెప్పుకోవాలి. కిరోసిన్‌ను తీసుకుందాం. అది కడుపులో ఉన్నంతసేపు చేసే హాని తక్కువ, ప్రమాదమంతా ఊపిరితిత్తులతోనే. నీళ్ళకన్నా పలుచగా పాకే గుణం ఉండడం వల్ల తాగేటప్పుడు కొంచెం పొలమారినా చాలు, కొన్ని చుక్కలు గాలిగొట్టంలోకి జారి ఊపిరితిత్తుల లోపలి పొరమీద పరుచుకుంటాయి, గాలి తిత్తులను తెరిచి ఉంచే సన్నని పూతను చెరిపేస్తాయి. దానివల్ల వచ్చేదే కిరోసిన్ న్యుమోనియా. బిడ్డకు వాంతి చేయిస్తే ఆ ద్రవం గొంతు మీదుగా రెండోసారి ప్రయాణిస్తుంది, మొదటిసారి తప్పిన గండం రెండోసారి తగులుకుంటుంది. యాసిడ్ విషయంలో అదే ప్రయాణం అన్నవాహికను రెండుసార్లు కాలుస్తుంది. కర్పూరం విషయంలో వాంతి మధ్యలో ఫిట్సు వస్తే కక్కినదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుంకుడు నురుగు తానే ఊపిరిలోకి పోగలదు, గట్టి ఉప్పునీళ్ళు రక్తంలో సోడియాన్ని పెంచి పసిబిడ్డ మెదడును దెబ్బతీయగలవు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో వాంతి చేయించే ఇపెకాక్ సిరప్పును ప్రతి ఇంట్లో ఉంచుకోమని డాక్టర్లే చెప్పేవారు, 2003లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ సలహాను విరమించుకుంది. అంటే ఈ పొరపాటు మన అవ్వలది మాత్రమే కాదు.

వంటకు గ్యాసు వచ్చాక కిరోసిన్ డబ్బా తగ్గింది గానీ దాని జాతి ద్రవాలు తగ్గలేదు. పెయింటులో కలిపే థిన్నరు, టర్పెంటైను, బండికోసం సీసాలో పట్టి తెచ్చిన పెట్రోలు అన్నీ ఆ కోవకు చెందినవే. గోడ ప్లగ్గుకు గుచ్చే దోమల ద్రవంలో కూడా దోమను చంపే మందు పాళ్ళు కొద్దిగానే ఉంటాయి, మిగతాదంతా చాలావరకు కిరోసిన్ వంటి ద్రావకమే. పైగా ఆ ప్లగ్గు ఉండేది నేలకు అడుగున్నర ఎత్తులో. ఇలాంటిది తాగిన బిడ్డ దగ్గుతున్నా, రొప్పుతున్నా, డొక్కలెగరేస్తున్నా ఊపిరితిత్తులకు చేరిందని అర్థం. ఏ లక్షణమూ లేకపోయినా కనీసం ఆరు గంటలు వైద్యుల కళ్ళముందు ఉండాలి.

పురుగుల మందులో విషం ఎంత ముఖ్యమో సీసా కూడా అంతే ముఖ్యం. మామిడికి తేనెమంచు పురుగు పట్టినప్పుడు, టమోటాకు ఊజీ తగిలినప్పుడు లీటరు డబ్బా నుంచి కావలసినంత కూల్‌డ్రింకు సీసాలో పోసుకుని తోపుకు పోవడం మన దగ్గర మామూలు. మిగిలింది ఆ సీసాలోనే ఇంటికి వస్తుంది. అసలు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఏదో ఒకటి ఉంటుంది, ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. సీసా మార్చిన క్షణంలో ఆ త్రికోణం పోతుంది, విరుగుడు ఏమిటో చెప్పే చీటీ పోతుంది, దాని స్థానంలో పిల్లలకు బాగా తెలిసిన తియ్యటి పానీయం బొమ్మ వస్తుంది. దీనికి తలకిందులైనదీ అంతే ప్రమాదం. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు, ఆ నూనెను ఉంచింది పురుగుల మందు ఖాళీ డబ్బాలో అని తేలింది. ఈ జాతి మందులు పడిన బిడ్డకు చొంగ, చెమట, విరేచనాలు ఆగకుండా వస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఇవి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి కాబట్టి బట్టలు తీసేసి సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడగడం వైద్యంలో భాగమే. తోపు నుంచి వచ్చిన తండ్రి చొక్కా మార్చకుండా బిడ్డను ఎత్తుకోకపోవడం కూడా ఈ జాగ్రత్తలోకే వస్తుంది.

ఎలుకల మందులలో పసుపు భాస్వరం ఉన్న పేస్టును మించిన మోసగాడు లేడు. దాన్ని వడకో, బిస్కెట్టుకో పూసి మూలన పెడతారు, పిల్లలకు కనిపించేది బిస్కెట్టే. మొదటి రోజు కాసిన్ని వాంతులు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ప్రశాంతం, ఆపైన కళ్ళు పచ్చబడి కాలేయం చెడిపోతుంది. దీనికి నికరమైన విరుగుడు లేదు. పసిబిడ్డలున్న ఇంట్లో ఎలుకకు బోను పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

పెరటి మొక్కల్లోనూ ఇదే సంగతి. వినాయక చవితికి తెచ్చే ఇరవై ఒక్క పత్రిలో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు ఉన్నాయి. కాణిపాకం వినాయకుడి జిల్లాలో ఆ పత్రి రాని ఇల్లు తక్కువ. స్వామికి సమర్పించడానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు, పూజయ్యాక తొమ్మిది రోజులు పళ్ళెంలో ఉండిపోయే కాయలు, గింజలతోనే ఇబ్బంది. ఉమ్మెత్త గింజలు నమిలిన బిడ్డకు పురుగుల మందుకు సరిగ్గా వ్యతిరేకంగా నోరు ఎండిపోతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, ఒళ్ళు ఎర్రగా కాలిపోతుంది, లేనివాటిని చూసి పలవరిస్తుంది. చిత్రమేమిటంటే పురుగుల మందుకు విరుగుడుగా డాక్టర్లు ఎక్కించే అట్రోపిన్ ఉమ్మెత్తలోనూ ఉంటుంది, అయితే కొలత తెలిసినవాడి చేతిలో ఉన్నప్పుడే అది విరుగుడు. పచ్చగన్నేరు కాయలోని గింజ గుండె వేగాన్ని తగ్గించి లయ తప్పిస్తుంది. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు గానీ తన విషాన్ని మాత్రం బాగానే దాచుకుంది. గట్టి పెంకు చెదరకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, నమిలినా, పూసగా గుచ్చడానికి తొలిచినా లోపలి అబ్రిన్ అనే విషం బయటపడుతుంది.

తాంబూలపు సున్నం గురించి ఒక్క మాట. పిల్లలు ఆడుకుంటూ సున్నం ప్యాకెట్టును గట్టిగా నొక్కితే అది చిట్లి కంట్లో పడుతుంది. క్షారం యాసిడ్‌కన్నా లోతుగా దిగుతుంది కాబట్టి ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోయాలి. ఇంట్లో చేసే ప్రథమచికిత్సే చూపును నిలబెట్టే సందర్భాలు తక్కువ, ఇది అందులో ఒకటి.

జాగ్రత్తగా ఉండమని తల్లులకు చెప్పడం సులువు, అయితే రోజంతా కళ్ళు తెరుచుకుని కాపలా కాయడం ఎవరివల్లా కాదు. అందుకే ఈ విషయంలో ఫలితం ఇచ్చింది ఉపన్యాసాలకన్నా మూతలే. నొక్కి తిప్పితే తప్ప రాని సీసామూతను 1967లో కెనడాలో ఒక పిల్లల డాక్టరు చొరవతో తయారుచేశారు. 1970లో అమెరికా ఇలాంటి మూతలను మందులకు, ప్రమాదకరమైన ఇంటి సరుకులకు తప్పనిసరి చేసే చట్టం తెచ్చింది. దక్షిణాఫ్రికాలో ఇళ్ళకు అలాంటి మూతలున్న కిరోసిన్ డబ్బాలు పంచినప్పుడు పిల్లలు కిరోసిన్ తాగే ఘటనలు ఇంచుమించు సగానికి తగ్గాయి. ఆ మూత బిడ్డను పూర్తిగా ఆపుతుందని కాదు, ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తుంది, ఆ ఐదు నిమిషాల్లో పెద్దవాళ్ళలో ఒకరు గమనిస్తారు. మన దగ్గర ఇలాంటి మూత అన్ని సీసాలకూ రాదు కాబట్టి ఎత్తు, తాళం, అసలు డబ్బా అనే మూడింటితోనే ఆ ఐదు నిమిషాలను సంపాదించుకోవాలి.

జరగకూడనిది జరిగితే, నోట్లో మిగిలినదాన్ని వేలితో తీసి, మూతి తుడిచి, తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహలో లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఎప్పుడు చేసినా పలుకుతుంది. వాళ్ళు అడిగేవి బిడ్డ బరువెంత, ఏం మింగింది, ఎంత, ఎన్ని గంటలకు అని. తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోయినా, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయినా అవే అడుగుతారు, కాబట్టి సీసా, స్ట్రిప్పు, కాయ, ఆకు ఏదైతే అది వెంట పోవాలి. మా ఇంట్లో ఇప్పుడు తలుపు పక్కన ఐదున్నర అడుగుల ఎత్తులో నాలుగు కొక్కేలు ఉన్నాయి. కొండకు వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కునే లోపే వాళ్ళ సంచులు వాటికి తగిలించేస్తాం. మా మేనత్త మొన్న వచ్చినప్పుడు తన సంచి తానే తగిలించి, “ఇవాళ్టికి ఏడున్నాయి, రాసిపెట్టుకో” అని స్ట్రిప్పు చూపించింది.